పది బై పన్నెండు గదిలో ఇద్దరు

బస్టాండుకో రైల్వేస్టేషనుకో పెద్దాసుపత్రికో దగ్గర్లో ఉండే మామూలు లాడ్జిలో డబుల్ రూము అంటే రమారమి పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. అంతా కలిపి 120 చదరపు అడుగులు. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న మంచం ఒక్కటే అందులో 39 చదరపు అడుగులు, అంటే దాదాపు మూడో వంతు తినేస్తుంది. గోడ బీరువా, చిన్న బల్ల, ఒక కుర్చీ, తలుపు తెరుచుకునే జాగా తీసేస్తే ఇద్దరికి మిగిలేది మంచం చుట్టూ సన్నటి దారి. ఒకరు సంచీ సర్దుతుంటే రెండోవారు మంచం ఎక్కి కూర్చోవాల్సిందే. స్నానాలగది మరో ముప్ఫై, నలభై చదరపు అడుగులు ఉంటుంది.

ఇలాంటి గదుల్లో దిగే జంటలంతా సరదాగా తిరగడానికి వచ్చినవారే అనుకోవడం పొరపాటు. సికింద్రాబాద్ స్టేషను చుట్టుపక్కల, నాంపల్లిలో, విజయవాడ గవర్నరుపేట, గాంధీనగర్‌లలో, విశాఖ ద్వారకానగర్‌లో దిగేవారిలో ఎక్కువమంది ఏదో ఒక పనిమీద వచ్చినవారు. తెల్లారి ఏడింటికి పరగడుపున రమ్మన్న ఆసుపత్రికి ముందురోజే చేరుకున్నవారు, పెళ్ళికి వచ్చి విడిదింట్లో చోటు చాలనివారు, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో వీసా ఇంటర్వ్యూ ఉన్న పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులు, రాత్రి రైలు తప్పిపోయినవారు ఇక్కడికే వస్తారు. వేలూరులో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి చుట్టూ ఉన్న లాడ్జిల్లో చిత్తూరు, నెల్లూరు వైపునుంచి వచ్చిన ఆలుమగలు రిపోర్టుల కోసం రోజుల తరబడి గడుపుతారు.

వీరితోపాటు మరో రకం జంటలూ ఉన్నారు. వాళ్ళ గురించి మాట్లాడటానికే మనవాళ్ళు మొహమాటపడతారు. రెండు గదుల ఇంట్లో అత్తమామలు, ఆడపడుచులు, పిల్లలతో కలిసి ఉండే భార్యాభర్తలకు రాత్రిపూట గడియ పెట్టుకునే తలుపు కూడా ఉండదు. ఏడాదికి ఒకసారి సినిమాకనో గుడికనో పట్నం వచ్చి ఒక రాత్రి గది తీసుకోవడం వారికి విలాసం కాదు, ఏకాంతం దొరికే ఒకే ఒక్క దారి. ఆ గది చిన్నదైనా శుభ్రంగా, భద్రంగా, అనుమానపు చూపులు లేకుండా దొరకాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

గదిలోకి వెళ్ళే ముందు కౌంటరు దాటాలి. అక్కడ పెద్ద రిజిస్టరు ఉంటుంది. పేరు, ఊరు, ఎక్కడినుంచి రాక, ఎక్కడికి పోక, వచ్చిన పని, ఫోను నంబరు, సంతకం అన్నీ అందులోకి ఎక్కాలి. బ్రిటిషు కాలంలో 1867లోనే సరాయిల చట్టం తెచ్చి బాటసారుల బసలను ప్రభుత్వం తన కంటి కిందకు తెచ్చుకుంది. నేటి రిజిస్టరును కూడా పోలీసులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. గదిలో ఉండే పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులూ అడుగుతారు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టుల్లో ఏదైనా సరిపోతుంది. చిరునామా ఉండదు కాబట్టి పాన్ కార్డు పనికిరాదు. ఆధార్ జిరాక్సు ఇవ్వడం ఇష్టం లేనివారు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ప్రభుత్వ వెబ్‌సైటులో దించుకుని ఇవ్వవచ్చు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే, వారు అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారైనా సరే, ఆ సమాచారాన్ని 24 గంటల్లో ఇమిగ్రేషన్ అధికారులకు పంపే బాధ్యత హోటలుది. అందుకే వారి దగ్గర పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్ళు తీసుకుంటారు.

అసలు చిక్కు కార్డులు పక్కపక్కన పెట్టినప్పుడు వస్తుంది. పెళ్ళయి పదేళ్ళయినా చాలామంది ఆడవారి ఆధార్‌లో తండ్రి పేరు, పుట్టింటి చిరునామా, పుట్టింటి ఇంటిపేరే ఉంటాయి. కౌంటరు కుర్రవాడు రెండు కార్డులనూ తిప్పి తిప్పి చూసి, “సార్, మ్యారేజ్ ప్రూఫ్ ఏమైనా ఉందా?” అంటాడు. మెడలో తాళి, కాలికి మెట్టెలు ఉన్న మనిషిని పక్కన నిలబెట్టుకుని ఆ ప్రశ్న వినడం ఏ దంపతులకైనా అవమానమే. తాళి, మెట్టెలు వేసుకోని భార్యకూ అది అంతే అవమానం. గది ఇవ్వడానికి పెళ్ళి రుజువు చూడాలని దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయినా వీసాకో, బ్యాంకు పనికో అవసరం పడేదాకా ఆ సర్టిఫికెట్ తీసుకోనివారు ఎందరో. ఉన్నవారు దాని ఫోటో ఫోనులో పెట్టుకుంటే రాత్రి పదింటికి కౌంటరు దగ్గర వాదన తప్పుతుంది. దాని ఉపయోగం అంతవరకే.

పెళ్ళి కాని జంటల విషయంలో చట్టం చాలామంది అనుకునే దానికంటే స్పష్టంగా ఉంది. నటి ఖుష్బూ కేసులో 2010 ఏప్రిల్ 28న ఇచ్చిన తీర్పులో, పెళ్ళి కాని ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులతో స్వలింగ జంటల మీద, వివాహేతర సంబంధాల మీద ఉన్న శిక్షలు పోయాయి. నేరుగా గదుల విషయాన్నే తేల్చిన తీర్పు 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టునుంచి వచ్చింది. కోయంబత్తూరులో పెళ్ళి కాని జంటకు గది ఇచ్చారన్నది ఒక కారణంగా అధికారులు ఒక సర్వీస్ అపార్టుమెంటుకు సీలు వేశారు. అలాంటి జంట హోటలు గదిలో ఉండకూడదని ఏ చట్టంలోనూ లేదని చెప్పి కోర్టు ఆ సీలు తీయించింది. ఇద్దరికీ 18 ఏళ్ళు నిండి ఉండటం మాత్రం తప్పనిసరి. ఒకరు అంతకంటే చిన్నవారైతే 2012 నాటి పోక్సో చట్టం అడ్డొస్తుంది. అక్కడ ఇష్టపూర్వకం అన్న మాట చెల్లదు.

అయితే నేరం కాకపోవడం వేరు, గది దొరకడం వేరు. హోటలు ప్రైవేటు ఆస్తి. ఫలానా వారికి గది ఇవ్వము అని యజమాని నియమం పెట్టుకోవచ్చు. ‘లోకల్ ఐడీకి రూములు లేవు’ అన్న బోర్డు, అంటే అదే ఊరివారికి గది ఇవ్వబోమన్న మాట, పెళ్ళి కాని జంటలను ఆపడానికి పెట్టిందే చాలాచోట్ల. ఓయో సంస్థ కూడా 2025 జనవరిలో మీరట్‌లోని తన భాగస్వామి హోటళ్ళు జంటలను సంబంధం రుజువు అడగవచ్చని నియమం మార్చింది. యజమాని స్వేచ్ఛకూ ఒక హద్దు ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఏ పౌరుణ్నీ హోటళ్ళలోకి రాకుండా అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణంలోనే రాసి ఉంది. దుకాణాలతోపాటు హోటళ్ళను కూడా పేరుపెట్టి చెప్పింది ఆ అధికరణం. కార్డుల మీద వేర్వేరు మతాల పేర్లు చూసి గది లేదనడం ఆ మాటకు విరుద్ధం. కులాంతర, మతాంతర వివాహం చేసుకుని బంధువుల కోపానికి భయపడి పట్నం వచ్చిన జంటకు ఆ రాత్రి గది దొరకకపోతే ప్రాణాలమీదికే రావచ్చు. అలాంటి జంటలకు రక్షణ గృహాలు ఏర్పాటు చేసే విషయం చూడాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ప్రమాదం తరుముకొస్తుంటే లాడ్జి కోసం వెతకడం కంటే 112కు ఫోను చేయడం మేలు.

పోలీసులు తలుపు తట్టే భయం కూడా చాలామందికి ఉంది. లాడ్జిల మీద సోదాలు సాధారణంగా 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కింద జరుగుతాయి. డబ్బు కోసం సాగే వ్యాపారం గురించి ఆ చట్టం మాట్లాడుతుంది తప్ప ఇష్టపడి కలిసి ఉన్న ఇద్దరి గురించి కాదు. సోదాకు వచ్చే అధికారి వెంట మహిళా పోలీసులు ఉండాలి. స్థానికులైన సాక్షులు ఉండాలి, వారిలో ఒక స్త్రీ ఉండాలి. గుర్తింపు కార్డు చూపి, వయసు చెప్పి, నింపాదిగా సమాధానం ఇస్తే చాలు. ఇంట్లోవాళ్ళకు ఫోను చేస్తామన్న బెదిరింపుకు చట్టబలం లేదు.

తిరుమలలో మాత్రం వ్యవహారం తలకిందులు. అక్కడ దేవస్థానం గదులు ఒంటరిగా వచ్చినవారికి ఇవ్వరు, కనీసం ఇద్దరుండాలి. జంటగా ఉండటం అడ్డు కాకుండా అర్హతగా మారేది అక్కడే.

అడ్వాన్సు కట్టే ముందే గది చూపించమని అడగడం పద్ధతి. రూమ్ బాయ్ తాళం తీసి లైటు వేస్తాడు. ముందు తలుపు లోపలి గడియ చూడాలి, అది వదులుగా ఉంటే మరో గది అడగాలి. స్నానాలగది తలుపుకూ గడియ ఉండాలి, కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి. పరుపు అంచు ఎత్తి కుట్ల దగ్గర నల్లటి చుక్కలు ఉన్నాయేమో చూస్తే నల్లుల సంగతి తెలిసిపోతుంది. దుప్పటి మార్చమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అద్దె ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది కూడా అప్పుడే అడగాలి. పాత లాడ్జిల్లో 24 గంటల పద్ధతి నడుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి దిగితే మర్నాడు రాత్రి తొమ్మిదిదాకా గది మీదే. కొత్త హోటళ్ళలో ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకో అంతకు ముందో ఖాళీ చేయాలి. రాత్రి బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్ళే ఆలుమగలకు ఈ తేడా ఒక రోజు అద్దెతో సమానం.

రహస్య కెమెరాల భయం ఇప్పుడు ప్రతి జంటకూ ఉంది. ఆ భయం నిరాధారమైనదీ కాదు, అలాగని ప్రతి మేకునూ అనుమానించాల్సిన పనీ లేదు. మంచానికి, స్నానాలగదికి ఎదురుగా ఉన్న వస్తువులను చూస్తే చాలు. పొగ పసిగట్టే పరికరం, గోడ గడియారం, ప్లగ్గు పాయింటు, ఏసీ, టీవీ కింది పెట్టె, గీజరు పైభాగం ముఖ్యమైనవి. లైట్లన్నీ ఆర్పి ఫోను టార్చి వేసి చూస్తే కెమెరా కన్ను చిన్న చుక్కలా మెరుస్తుంది. దొరికితే దాన్ని ముట్టుకోకుండా ఫోటో తీసుకుని 112కు చెప్పాలి. కౌంటరులో ముందే చెబితే సాక్ష్యం మాయమయ్యే వీలుంది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. మొదటిసారికి ఏడాదినుంచి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే మూడునుంచి ఏడేళ్ళు జైలు. మగవారి ఏకాంతానికి కూడా ఐటీ చట్టంలోని 66ఈ సెక్షను రక్షణ ఇస్తుంది.

ఇక గదిలో కాపురం. మంచం ఐదడుగుల వెడల్పుదైతే తలా రెండున్నర అడుగులు వస్తాయి. ఒక్కరు పడుకునే మూడడుగుల మంచం కంటే అది తక్కువ. చాలా లాడ్జిల్లో రెండు విడి మంచాలను కలిపి డబుల్ కాట్ అంటారు. మధ్యలో పరుపులు విడిపోయి చీలిక పడుతుంది. దుప్పటిని అడ్డంగా మడిచి ఆ చీలిక మీద వేస్తే కొంత నయం. కప్పుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి ఇస్తారు కాబట్టి రెండోది పడుకునే ముందే అడిగి పెట్టుకోవాలి, అర్ధరాత్రి రూమ్ బాయ్ దొరకడు. సంచులు నేలమీద పెడితే నడిచే దారి పోతుంది. ఒకటి బల్ల కింద, ఒకటి మంచం కింద పెట్టి, ఒక సమయంలో ఒక్కటే తెరవడం మేలు. తాళం బదులు కార్డు ఇచ్చే హోటళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది. తలుపు పక్కన కార్డు పెడితేనే కరెంటు వస్తుంది. భర్త టీ తాగడానికి కార్డు తీసుకుని వెళ్తే గదిలో పడుకున్న భార్యకు ఫ్యాను, ఏసీ రెండూ ఆగిపోతాయి. రెండో కార్డు అడిగితే చాలామంది ఇస్తారు.

చిన్న గదిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది గాలి. ఊరకే కూర్చున్న ఒక మనిషి ఒంటినుంచి దాదాపు వంద వాట్ల వేడి వెలువడుతుంది. ఇద్దరు, టీవీ, లైట్లు, పగలంతా ఎండకు కాగిన గోడ కలిస్తే మే నెలలో ఆ గది ఫ్యానుకు లొంగదు. ఈ కొలత గదికి ఒక టన్ను ఏసీ సరిపోతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. కిటికీ మూసి ఇద్దరూ రాత్రంతా పడుకుంటే వారు వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి తెల్లారేసరికి తల దిమ్ముగా ఉంటుంది. పడుకునే ముందు పావుగంట కిటికీ తెరవడం, తర్వాత స్నానాలగది ఎగ్జాస్టు ఫ్యాను వేసి ఉంచడం దీనికి విరుగుడు. ఒకరికి చలి, ఒకరికి ఉక్క అన్న తగువు ప్రతి జంటలోనూ ఉంటుంది. 2020నుంచి మనదేశంలో అమ్మే ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా చేశారు. ఆ అంకె దగ్గర ఏసీ ఉంచి ఫ్యాను సన్నగా తిప్పితే ఇద్దరికీ సరిపడుతుంది. బయటి కిటికీయే లేని గదులు కూడా తక్కువ ధరకు అంటగడుతుంటారు. నిద్రకే కాదు, ప్రాణానికి కూడా అవి మంచివి కావు.

నీళ్ళ లెక్క ఇలా ఉంటుంది. లాడ్జి గీజరు సాధారణంగా 15 లీటర్లది. రెండు వేల వాట్ల గీజరు ఆ నీళ్ళను కాచడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. చన్నీళ్ళు కలుపుకుంటే రెండు బకెట్లకు కాస్త అటూఇటుగా వస్తాయి. షవరు కింద ఒకరు తీరిగ్గా నిలబడితే రెండోవారికి మిగిలేవి చన్నీళ్ళే. బకెట్టు, మగ్గు వాడితే ఇద్దరికీ సరిపోతాయి. స్నానానికి దిగేముందు గీజరు స్విచ్చి ఆర్పడం మరువకూడదు. తడి నేల కూడా జాగ్రత్త పడాల్సిన సంగతే. మొదటివారు స్నానం చేసి నీళ్ళు తోసేస్తే రెండోవారు జారిపడరు. ఆసుపత్రికి వచ్చిన పెద్ద వయసు దంపతులు పట్టుకునే కమ్మీ, కమోడు ఉన్న గది అడిగి తీసుకోవాలి.

గది పెద్దదిగా కనిపించాలని కొత్త హోటళ్ళలో స్నానాలగదికి గోడ బదులు అద్దం పెడుతున్నారు. భార్యాభర్తలైనంత మాత్రాన ఒకరి ఎదుట ఒకరికి మరుగు అక్కర్లేదనుకోవడం ఈ నమూనా గీసినవారి తప్పు. కొత్త పెళ్ళికూతురు ఆ గది చూసి బిత్తరపోతుంది. తెర ఉందో లేదో ముందే అడగాలి, లేకపోతే స్నానాలగదికి వెళ్ళేటప్పుడు రెండోవారు కాసేపు వరండాలోకి వెళ్ళిరావడం మర్యాద. శబ్దం విషయంలో పాత లాడ్జిలే నయం, వాటి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు మాటను ఆపుతాయి. పెద్ద గదిని జిప్సం పలకతో రెండుగా చేసిన చోట పక్కగది దగ్గు కూడా వినిపిస్తుంది. లిఫ్టుకు, మెట్లకు, వంటగదికి దూరంగా, వీధివైపు కాకుండా వెనకవైపు ఉన్న గది అడిగితే నిద్ర దొరుకుతుంది.

నిప్పు ప్రమాదాల గురించి తప్పక తెలుసుకోవాలి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పైఅంతస్తులకు పాకి ఎనిమిదిమంది చనిపోయారు. అంతకు రెండేళ్ళ ముందు, 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ రోగుల కోసం వాడుతున్న హోటలులో పదిమంది పోయారు. ఇలాంటి కట్టడాల్లో మెట్లదారి ఒక్కటే ఉంటే అదే పొగగొట్టంలా పనిచేస్తుంది. మంట తాకకముందే పొగ ప్రాణం తీస్తుంది. అందుకే గదిలో దిగగానే ఇద్దరూ కలిసి వరండాలో నడిచి మెట్లు ఎటున్నాయో, గది తలుపునుంచి ఎన్ని తలుపుల దూరమో లెక్కపెట్టుకోవాలి. చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్ళేటప్పుడు ఆ లెక్కే దారి చూపిస్తుంది. రెండో మెట్లదారి ఉందా, దాని తలుపుకు తాళం వేశారా అన్నది అడగాలి. కింది అంతస్తులో బ్యాటరీల దుకాణం, గ్యాసు గోదాము ఉంటే ఆ లాడ్జి వద్దనుకోవడమే మంచిది. తాళం, ఫోను, కళ్ళజోడు దిండు పక్కనే ఉండాలి. పొగ కమ్మితే లిఫ్టు ఎక్కకూడదు, వంగి నడవాలి. వరండా నిండా పొగ ఉంటే గదిలోనే ఉండి, తడి తువ్వాలు తలుపు సందులో కుక్కి, కిటికీ దగ్గర చేరి 101కు ఫోను చేయాలి. ఊచలు బిగించి తెరుచుకోని కిటికీ ఉన్న గదిలో ఆ చివరి అవకాశం కూడా ఉండదు.

ఖాళీ చేసేటప్పుడు బిల్లు చదివి చెల్లించాలి. వెయ్యి రూపాయలలోపు గదులకు ఒకప్పుడు జీఎస్టీ ఉండేది కాదు, 2022 జూలై 18నుంచి ఆ మినహాయింపు పోయింది. 2025 సెప్టెంబరు 22నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదుల మీద పన్ను 5 శాతం, ఆపైన 18 శాతం. సర్వీసు చార్జీ పేరుతో అడగకుండా బిల్లులో కలిపిన మొత్తాన్ని తీసేయమని చెప్పే హక్కు అతిథికి ఉంది. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే ఆ ఆదేశం ఇచ్చింది. దిండు కింది గొలుసు, తలుపు వెనక తువ్వాలు, ప్లగ్గులో చార్జరు జంటలు తరచుగా మరిచిపోయే వస్తువులు. ‘నువ్వు తీసుకున్నావనుకున్నా’ అన్న మాట దగ్గరే అవి మిగిలిపోతాయి కాబట్టి గదిని చివరిసారి చూసే పని ఎవరిదో ముందే ఒకరికి అప్పగించుకోవాలి. బండికి ఇంకా సమయం ఉంటే సంచులు కౌంటరు దగ్గర ఉంచుకోనిస్తారు. ఆసుపత్రిలో ఆలస్యమైతే గడువు దాటకముందే ఫోను చేసి చెబితే చాలా లాడ్జిలు పూటకో, సగం రోజుకో అద్దె తీసుకుని గది ఉంచుతాయి. దాటాక చెబితే రోజంతటి అద్దే పడుతుంది.